ఫోను లేని మనిషికి ఒక గడి ఉంచండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. ఉదయగిరి వైపు మెట్టలో, ఒక మండల కేంద్రంలో నాకు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. రీచార్జిలు, రిపేర్లు, పౌచ్‌లు, టెంపర్ గ్లాసులు. ఫోను నడిస్తేనే నాకు పూట గడిచేది. అలాంటివాడు ఫోను మీద ఫిర్యాదు రాయడమేంటని మీకు అనిపించవచ్చు. మా ఆవిడకైతే అనిపించింది. "బేరం చెడగొట్టుకునేదానికి నీ తర్వాతే ఎవరైనా" అంది. అయినా రాస్తున్నాను. మండలం పేరు మాత్రం రాయడం లేదు. రాస్తే ఇక్కడ కూర్చున్న చిన్న ఉద్యోగి ఎవరికో మెమో వస్తుంది, ఆ మెమోతో ఫైలు మూసేస్తారు. నేను చెప్పబోయేది ఒక ఆఫీసు సంగతీ కాదు, ఒక ఉద్యోగి సంగతీ కాదు.

ఆమధ్య ఒక పెద్దావిడ నా కొట్టుకొచ్చింది. పొగాకు కొట్టుళ్లకు, గ్రేడింగుకు కూలికి పోయే మనిషి. గుడ్డసంచి లోంచి ఒక పాలిథిన్ కవరు తీసింది, అందులోంచి ఇంకో కవరు తీసింది, అందులోంచి ఒక బటన్ ఫోను తీసింది. బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూత నిలబడక రబ్బరు బ్యాండు వేసి ఉంది. "అబ్బయ్యా, ఇందులో ఏదో నంబరు వస్తాదంట. చూసి చెప్పు. ఆఫీసులో అడగతా ఉండారు" అంది.

ఆ ఫోను ఆమెది కాదు, భర్తది. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం వెళ్తే ఆధార్‌కి లింకైన నంబరుకి ఓటీపీ పోయింది, చెప్పమన్నారట. ఇంట్లో ఒకటే ఫోను కాబట్టి ఆమె ఆధార్‌కి కూడా ఆయన నంబరే ఇచ్చారు. ఆయన పోయాక ఆ ఫోనుకు రీచార్జి చేయించే పని ఎవరికీ పడలేదు. చార్జింగ్ పెట్టి ఆన్ చేశాను. సిమ్ ఎప్పుడో చచ్చిపోయింది. మొగుడు చచ్చిపోయాడని కాగితం కావాలంటే ఆ మొగుడి ఫోను మోగాలి. అదీ లెక్క.

ఏమవుతుందో చూద్దామని నా ఫోను నుంచి ఆ నంబరుకి చేశాను. మోగింది! ఆవిడ ముఖం నేను చూడలేకపోయాను. అవతల ఎవరో కుర్రాడు ఎత్తాడు. మూడు నెలలు వాడకపోతే కంపెనీలు నంబరు తీసేసి, కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తాయి. ఈ కుర్రాడికి అలాగే వచ్చింది. బెంగళూరులో పని చేస్తున్నాడట, ఊరు అనంతపురం వైపు. విషయం చెప్తే, "అవునంకుల్, ఎవురివో కోడ్‌లు వస్తా ఉంటాయి. ఇప్పుడు గూడా ఒకటొచ్చింది, చెప్పాల్నా?" అన్నాడు. చదివి చెప్పాడు. అప్పటికే టైం దాటిపోయింది. మంచి కుర్రాడు కాబట్టి సరిపోయింది. ఆవిడ బ్యాంకు ఖాతాకూ ఆ నంబరే ఉంది. కాస్త తెలివి మీరినవాడికి దొరికి ఉంటే ఏం జరిగేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ఆధార్ సెంటర్‌కి పోయి నంబరు మార్పించుకోవాలి. పొగాకు కోసిన చేతులకు జిగురు పట్టి నల్లగా అట్టకడుతుంది, సబ్బుకు పోదు. మొదటి రోజు వేలిముద్రలు పడలేదు. నాలుగు రోజులు పని మానుకుని, చింతపండుతో చేతులు తోముకుని మళ్లీ వెళ్లింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు కాబట్టి ఛార్జీలు మిగిలాయి. కూలి మాత్రం పోయింది. కొత్త నంబరు కావాలంటే కొత్త సిమ్ కావాలి, సిమ్ వేయడానికి ఫోను కావాలి. ఆ ఫోను నేనే అమ్మాను. ఆ రోజు రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకుంటుంటే ఆవిడ నోట్లు ముట్టుకోబుద్ధి కాలేదు. అయినా ముట్టుకున్నాను లెండి, సంసారం ఉంది.

నేను ఫోనుకు వ్యతిరేకిని కాదు. 1994లో ఇదే కొట్టులో ఎస్టీడీ బూత్ పెట్టాను. పసుపు బోర్డు, చెక్క క్యాబిన్, ఎర్ర అంకెలు తిరిగే మీటరు. మరుసటి ఏడాది జూలై 31న కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో దేశంలోనే మొదటి సెల్‌ఫోన్ కాల్ మాట్లాడితే, పేపర్లో చదివి 'డబ్బున్నోళ్ల ముచ్చట' అనుకుని మడిచి పక్కన పెట్టాను. అప్పట్లో రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది. ఆ తగ్గే వేళ కోసం జనం బూత్ ముందు అరుగు మీద దుప్పట్లు కప్పుకుని కూర్చునేవారు. లెటర్‌హెడ్ల మీదా శుభలేఖల మీదా నా బూత్ నంబరు 'పీపీ' అని, అంటే ఇక్కడికి చేస్తే మనిషిని పిలిపిస్తారని, అచ్చు వేయించుకున్నవాళ్లున్నారు. కువైట్ నుంచి ఫోను వస్తే పది నిమిషాలాగి మళ్లీ చెయ్యమని చెప్పి, కుర్రాణ్ణి సైకిలు మీద పంపి వాళ్లింటి మనిషిని పిలిపించేవాణ్ణి. వచ్చిన మనిషి చెప్పులు బయట వదిలి క్యాబిన్‌లోకి పోయేది.

ఊరు మొత్తానికి ఒక నంబరు చాలింది ఆ రోజుల్లో. ఫోను లేకపోవడం తప్పు కాదు, లోటు కూడా కాదు. ఇప్పుడు మనిషికొక నంబరుండాలి. ఆ నంబరు ఆధార్‌కి లింకయ్యుండాలి. అందులో రీచార్జి ఉండాలి, చార్జింగ్ ఉండాలి, టవరు అందాలి, ఆ కాసేపట్లో ఆ ఫోను ఆ మనిషి చేతిలోనే ఉండాలి. ఇన్నింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ మనిషి లేనట్టే లెక్క.

ఫోను అవసరం కాదని ఎవరైనా అంటే నేనే ముందు కొట్లాడతాను. మా మెట్టలో పాము కరిస్తే, కాన్పు నొప్పులొస్తే 108కి చేసే ఫోనే దిక్కు. 2005 ఆగస్టు 15న ఆ సర్వీసు మొదలైంది. దానికి ముందు మంచం మీద మోసుకొచ్చినవాళ్లను నా బూత్ ముందే చూశాను. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి హైవే తెగిపోయినప్పుడు, కోవూరు వైపున్న మా చెల్లెలు 'మేడ మీద ఉన్నాం, చార్జింగ్ అయిపోతాంది' అని ఒక్క మెసేజ్ పెట్టింది. ఆ రెండు ముక్కలతో ఆ రాత్రి గడిపాం. 1989లో కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు మా మేనమామ కుటుంబం ఉందో లేదో తెలియడానికి మాకు మూడు రోజులు పట్టింది. తేడా నాకు తెలుసు.

మా కొట్టు ముందు బెంచీ మీద ఒక రిటైర్డ్ అయ్యవారు రోజూ కూర్చుంటారు. ఈ తరం పిల్లల్ని చూసి ఆయనకు మంట. "సారా పోయింది, సెల్లొచ్చింది" అంటారు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊళ్లో 2022 ఆగస్టు నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగిస్తున్నారట. గంటన్నర సేపు ఊరంతా ఫోన్లు, టీవీలు కట్టేస్తారట. మన పంచాయతీలో కూడా అలాంటి సైరన్ పెట్టించాలని ఆయన పోరు. నాకు అభ్యంతరం లేదు. ఆ గంటన్నర నేనూ కొట్టు కట్టేసి ఇంటికి పోయి అన్నం తింటాను. నాక్కూడా ఆ జబ్బు ఉంది. బూత్ రోజుల్లో అరవై నంబర్లు నోటికి వచ్చేవి. పోయిన నెల ఫోను ఇంట్లో మరిచిపోయి కావలి వెళ్లి, ఎవరిదో ఫోను అడుక్కుని తీరా చూస్తే మా ఆవిడ నంబరు గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ల కాపురం. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

కానీ సారాతో పోలిక దగ్గర మాత్రం నేను అయ్యవారితో కలవను. కలిసినా ఆయన అనుకునే వైపు నుంచి కాదు. దూబగుంట మాకు దూరం కాదు. 1992లో రాత్రిబళ్లలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు, సారా కొట్టు మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఆ రోజుల్లో జనం వాళ్ల మగవాళ్ల తాగుడు గురించి ఎంత మాట్లాడారో, సర్కారు తాగుడు గురించీ అంత మాట్లాడారు. సారా వేలంపాటల డబ్బు లేకపోతే ఖజానా నడవదనేవారు పెద్దలు. అంటే అలవాటు పడింది తాగేవాడొక్కడే కాదు, అమ్మించేవాడు కూడా. ఈ ఫోను విషయంలో నేను చూస్తున్నది అదే. రీల్స్ చూసే కుర్రాడి వ్యసనం అందరికీ కనిపిస్తుంది, దానికి సైరన్ కూడా ఉంది. ఆఫీసులకు పట్టిన ఓటీపీ వ్యసనానికి ఏ సైరన్ మోగించాలి?

నిజంగా వ్యసనమే అది. మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది. ఆమె ఊరు తెలుసు, ఇల్లు తెలుసు, వాళ్ల నాయన పేరు కూడా తెలుసు. అయినా ఆరంకెలు వచ్చేదాకా ఆమె ఆమే అని నమ్మడానికి లేదు. ఒక్కోసారి ఆఫీసులో కూర్చున్న పిల్లలే చిన్నబుచ్చుకుని, "మేమేం చేసేది పెద్దమ్మా, స్క్రీన్ ముందుకు పోదు" అంటారు. అబద్ధం కాదు. ఆ స్క్రీన్ నేను చూశాను. ఆరు గళ్లు ఉంటాయి. 'ఫోను లేదు' అనే గడి ఉండదు.

ఇంకో విచిత్రం చూడండి. ఆమధ్య ఎవరికి ఫోను చేసినా ముందు 'మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి' అని వినిపించేది. మంచి మాటే. మోసం జరిగితే 1930కి చెయ్యమంటున్నారు, అది ఇంకా మంచి మాట, నా కొట్టు గోడ మీద నేనే రాయించాను. కానీ గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి కోడ్ చెప్పమంటాడు. ఈ-కేవైసీ అంటే ఓటీపీ చెప్పమంటారు. పంట నమోదుకు వచ్చినతను చెప్పమంటాడు. చదువు రాని మనిషి నా దగ్గరికొచ్చి ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వే చూసి చెప్పు సామీ" అంటుంది. బల్ల మీద చెయ్యి పెట్టి నిజం చెప్తున్నాను, మా ఊళ్లో సగం మంది ఓటీపీలు నా కళ్ల ముందు నుంచి పోతాయి. నేను దొంగని కాను, అది వాళ్ల అదృష్టం. ఎవరికీ చెప్పొద్దని నేర్పుతూ, అందరికీ చెప్పే అలవాటు చేసింది మనమే. రేపు 'బ్యాంకు నుంచి మాట్లాడతా ఉండా, కోడ్ చెప్పవ్వా' అని ఎవడో ఫోను చేస్తే ఆవిడ ఎందుకు చెప్పదు? జీవితమంతా చెప్తూనే ఉందిగా.

ఇక ఖర్చు సంగతి. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయినప్పుడు సంబరపడ్డాం. ఇప్పుడు రీచార్జి అయిపోతే కొన్నాళ్లకు ఆ ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది, దాంతో పాటు ఓటీపీ కూడా. కంపెనీ వాళ్ల నెల 28 రోజులు. 28తో 365ని భాగించి చూడండి, ఏడాదికి పదమూడు నెలలు వస్తాయి. పదమూడో నెల కమీషన్ నాకూ వస్తుంది కాబట్టి దాని మీద ఎక్కువ మాట్లాడే హక్కు నాకు లేదు. నెట్ అక్కర్లేనివాళ్లకు మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు పెట్టాలని 2024 డిసెంబరులో ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ చెప్పింది. పెట్టారు. 84 రోజులకు నాలుగొందల పైచిలుకు. ఒక్కసారే తియ్యాలి. దినకూలీకి పోయే మనిషి నాలుగు వందలు ఒక్కసారే తీసి, 'ఓటీపీ వస్తుందేమో' అని పెట్టుకుంటుందా? సర్కారు ఇచ్చేది అందుకోవడానికి ఆ మనిషి ప్రైవేటు కంపెనీకి కట్టాల్సి వస్తోంది. ఆ మాట ఏ జీవోలోనూ రాసి ఉండదు, జరిగేది మాత్రం అదే.

కొండ కింద ఊళ్లలో టవరు గురించి రాస్తే ఇంకో ఉత్తరమవుతుంది. 2023 జనవరి నుంచి ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండు ఫోటోల హాజరు తప్పనిసరి చేసినప్పుడు, కూలీల హాజరు చూసే మేట్ పిల్ల ఒకతె ఫోను పైకెత్తి పట్టుకుని గట్టు మీదికి ఎక్కి నిలబడటం నేనే చూశాను. కింద గుంటలో నలభై మంది పార పక్కన పెట్టి ఆ ఫోను వైపు చూస్తున్నారు. దండం పెట్టుకుంటున్నట్టే ఉంది.

మంచి కూడా చెప్పకపోతే అన్యాయం. 2025 జనవరిలో 'మన మిత్ర' వాట్సాప్ సేవలు వచ్చాక మా అమ్మాయి ఇంట్లో కూర్చుని కాగితాలు తీసుకుంటోంది. మునుపు దానికి నేను రెండు పూటలు కొట్టు మూసుకుని తిరిగేవాణ్ణి. ఇక పింఛను. ఒకటో తారీఖున ఇంటికే వచ్చి చేతిలో పెట్టి పోతున్నారు. మంచంలో ఉన్న మనిషికి కూడా అందుతోంది. అంటే మనిషి దగ్గరికి మనిషి పోయే పద్ధతి మన సర్కారుకు చేతకానిదేమీ కాదు. ఒక పనికి చేతనైనది ఇంకో పనికి ఎందుకు చేతకాదని నా అనుమానం.

కలెక్టర్ గారూ, చట్టం మారాలని నేను అడగడం లేదు. ఉన్నదే చాలు. వేలిముద్ర పడనివాళ్లకు, మిషన్ ఒప్పుకోనివాళ్లకు వేరే దారి ఉండాలని, రిజిస్టర్లో రాసుకుని ఇవ్వాలని 2017 అక్టోబరులోనే ఆధార్ సంస్థ అన్ని శాఖలకూ రాసింది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు ఇచ్చినప్పుడు, సిమ్‌కి ఆధార్ లింకు తప్పనిసరి అనడం చెల్లదంది. గుర్తింపు మిషన్ ఒప్పుకోలేదన్న సాకుతో హక్కుగా రావాల్సింది ఆపకూడదన్న మాట కూడా అప్పుడే వచ్చింది. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. మా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఇవేవీ రావు. ఆరు గళ్లు మాత్రం వస్తాయి.

కాబట్టి మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. జిల్లాలో ఏ అర్జీ ఫారం మీదైనా ఫోను నంబరు గడి పక్కన 'లేదు' అని రాస్తే తీసుకోమనండి. ఓటీపీ రానప్పుడు 'రేపు రా' అనకుండా ఒక పుస్తకంలో పేరు, కారణం రాసి, ఆ పేజీ చూపించి పై అధికారి సంతకంతో పని జరిగేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆ పుస్తకం నెలకొకసారి మీ టేబుల్ మీదికి రావాలి. ఎంతమంది ఏ కారణంతో వెనక్కి పోతున్నారో ఇప్పుడు ఎవరికీ లెక్క తెలియదు, ఎందుకంటే వెనక్కి పోయిన మనిషి ఏ కంప్యూటర్లోనూ నమోదు కాదు. ఆధార్ నంబరు మార్పు బండి ఒకటి పొగాకు సీజన్ అయిపోయాక, చేతుల జిగురు వదిలిన రోజుల్లో, మెట్ట మండలాలకు పంపండి. కలిగిరి, డి.సి.పల్లి పొగాకు వేలం ముగిసేదాకా పంపినా లాభం లేదు. భర్త పోయిన ఆడమనిషికి మరణ ధ్రువపత్రం ఇచ్చే రోజునే, 'ఆయన నంబరు మీద మీవి ఏమేం ఉన్నాయమ్మా?' అని ఒక్క ప్రశ్న అడగమనండి. రెండేళ్ల తర్వాత నా కొట్టుకు రావాల్సిన పని తప్పుతుంది.

ఇంకొక్కటి, ఇది చిన్నది. ప్రతి ఆఫీసు ముందూ 'ఫోను లేదన్న కారణంతో ఇక్కడ ఏ పనీ ఆపబడదు' అని తెలుగులో, పెద్దక్షరాల్లో బోర్డు పెట్టించండి. మా మండలంలో పెట్టాల్సిన బోర్డులకు పెయింటర్ కూలి నేను ఇచ్చుకుంటాను. బూత్ రోజుల నాటి పసుపు రేకు కూడా ఇంట్లో ఒకటి అలాగే ఉంది.

ఆ పెద్దావిడ సర్టిఫికెట్ చివరికి వచ్చింది. ఇప్పుడు కొత్త ఫోను అదే గుడ్డసంచిలో, అవే రెండు కవర్లలో పెట్టుకుని నెలకోసారి నా దగ్గరికి వస్తుంది. ఎవరికీ చేయదు, ఆమెకెవరూ చేయరు. చార్జింగ్ పెట్టించుకుని, "పని చేస్తా ఉందా అబ్బయ్యా?" అని అడిగి పోతుంది. ఎందుకు పెట్టుకున్నావవ్వా అని నేను అడగను. ఇద్దరికీ తెలుసు.

ఈ ఉత్తరం కాపీ ఒకటి మీ ఆఫీసుకు పోస్టులో వేస్తున్నాను. రిజిస్టర్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి అందులోనే పంపాను. కౌంటర్లో ఫోను నంబరు అడిగారు. లేదన్నాను. కొట్టు నిండా ఫోన్లు పెట్టుకున్నవాడు లేదంటుంటే ఆయన నవ్వి, సరే అని తీసుకున్నారు. జవాబు రాయాలనిపిస్తే అర్ధరూపాయి కార్డు ముక్క చాలు, చిరునామా కవరు మీద ఉంది.

ఇట్లు,
మెట్ట ప్రాంతపు ఒక సెల్‌ఫోన్ కొట్టువాడు